నాలుగైదేళ్ళ పిల్లలతో హైదరాబాద్‌లో సెలవులు: వండర్‌లానా, ఫిల్మ్ సిటీనా, జూ పార్కా?

ఏటా స్కూళ్ళకు సెలవులివ్వగానే నల్లగొండ నుంచి మా అక్క ఫోన్ చేస్తుంది. "ఈసారి పిల్లల్ని ఎక్కడికి తిప్పుదామే?" అని. అక్క కొడుకుకి పదకొండేళ్ళు. మా పాపకి మొన్ననే ఐదు నిండాయి. మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, అలాగని ఇంట్లో వదిలేసి వెళ్తే మాకు మనసొప్పదు. హైదరాబాద్‌లో ఉంటున్న చాలా ఇళ్ళలో సెలవుల ప్రయాణం ఇలాగే ఉంటుంది. ఒకే కారు, మూడు వయసులు, ఒకటే రోజు. ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు చిన్నబుచ్చుకుని తిరిగొస్తారు, ఎక్కువసార్లు అది అందరికన్నా చిన్నవాళ్ళే.

పోయిన వేసవిలో అందరం కలిసి ఊరి బయట ఒక పెద్ద పార్కుకి వెళ్ళాం. అక్క కొడుకు ఎక్కిన రైడే తనూ ఎక్కుతానని మా పాప లైన్లో నిలబడింది. అరగంట ఎండలో నిలబడ్డాక గేటు దగ్గర ఎత్తు కొలిచే బోర్డు వచ్చింది. గీత 120 దగ్గరుంది. మా పాప 102. మడమలెత్తి మునివేళ్ళ మీద నిలబడింది. గేటు దగ్గరున్న అబ్బాయి మెల్లగా భుజం మీద చెయ్యి వేసి, "కాళ్ళు కింద పెట్టమ్మా" అన్నాడు. తను ఏడవలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మమ్మల్ని లాక్కుంటూ మళ్ళీ ఆ బోర్డు దగ్గరికే వెళ్ళి నిలబడింది. అన్నం తింటే పెద్దవుతావని రోజూ చెప్పేది మనమే కదా.

అప్పట్నుంచి నేను ముందు పార్కుల పేర్లు చూడటం మానేశాను. ముందు పిల్ల ఎత్తు, తర్వాత పిల్ల మధ్యాహ్నం నిద్ర. ఈ రెండూ తెలిస్తే ఎక్కడికి వెళ్ళాలో సగం తేలిపోయినట్టే.

ఇంట్లో గుమ్మానికి ఆనించి నిలబెట్టి టేపుతో కొలవండి. చెప్పులు లేకుండా, సెంటీమీటర్లలో. రెండేళ్ళ పిల్లలు ఇంచుమించు 85 ఉంటారు, నాలుగేళ్ళకు నూరు దాటుతారు, ఐదేళ్ళకు 110 దరిదాపుల్లోకి వస్తారు. 140కి చేరేసరికి పదేళ్ళు వస్తాయి. పెద్ద పార్కుల్లో ఒళ్ళు జలదరించే రైడ్లన్నీ ఎక్కువగా 120 నుంచి 140 మధ్య గీతలు పెట్టుకుని ఉంటాయి. సీటు ముందు వాలే బార్ పిల్లల నడుముకి బిగుతుగా ఆనదు, అందుకే ఆ నిబంధన. బతిమాలితే ఒప్పుకునే విషయం కాదు, ఒప్పుకోకూడదు కూడా. అంటే పిల్లల వయసు ఏడు దాటేదాకా ఆ పార్కులో సగానికి పైగా రైడ్లు మన పిల్లలవి కావు. టికెట్ మాత్రం మొత్తం పార్కుకి కొంటాం.

ఇక నిద్ర. ఐదేళ్ళలోపు పిల్లలు చాలామంది ఒంటిగంట, రెండింటికి కాసేపు పడుకుంటారు. బయటికెళ్ళిన రోజు పడుకోరు, మూడింటికల్లా చిరాకు పడతారు. ఉదయం పదకొండుకి తెరిచే పార్కుకి వెళ్తే, పిల్ల హుషారుగా ఉండేది మహా అయితే మూడు గంటలు. అదే ఎనిమిదిన్నరకి లోపలికి వెళ్ళగలిగే చోటైతే నాలుగు గంటలు ఆడుకుని, తిని, కార్లో పడుకుని ఇంటికి వచ్చేస్తుంది. నన్నడిగితే టికెట్ రేటు కన్నా ఈ లెక్కే ముఖ్యం.

ముందు వండర్‌లా సంగతి. 2016లో మొదలైంది. రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దిగాలి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు వైపు నుంచి వచ్చేవాళ్ళకి బాగా దగ్గర. పదేళ్ళు దాటిన పిల్లలుంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు, ఇదే. రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ తలకిందులుగా తిప్పి, వచ్చిన దారినే వెనక్కి తీసుకొస్తుంది. అక్క కొడుకు ఏడాదంతా దాని గురించే చెప్పాడు. నీటి రైడ్లు, అలల కొలను, పొడి రైడ్లు అన్నీ ఒకే టికెట్‌లో వస్తాయి, శుభ్రత బాగుంటుంది. చిన్నపిల్లల కోసం విడిగా రైడ్లున్నాయి, లోతు లేని నీళ్ళల్లో ఆడుకునే చోటు ఉంది. ఐదేళ్ళ పిల్లకి అవి రెండు మూడు గంటల ఆట. ఆ రెండు మూడు గంటల కోసం ఇంటిల్లిపాదీ అంత టికెట్ పెట్టాలా అన్నదే ప్రశ్న. ఇక్కడ చైల్డ్ టికెట్ వయసును బట్టి ఇవ్వరు, ఎత్తును బట్టి ఇస్తారు. పొడుగ్గా ఉన్న తొమ్మిదేళ్ళ పిల్లాడికి పెద్దవాళ్ళ టికెట్ పడొచ్చు. మామూలు రోజుల్లో రేటు తక్కువ, శని ఆదివారాల్లో ఎక్కువ. కాబట్టి పిల్లలకి సెలవులు, మీకు లీవు దొరికితే మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. లైన్లు కూడా తగ్గుతాయి.

నీళ్ళల్లోకి నైలాన్, పాలిస్టర్ లాంటి బట్టలతోనే వెళ్ళనిస్తారు. కాటన్ గౌనుతో వెళ్తే అక్కడ స్విమ్మింగ్ డ్రెస్ కొనాల్సి వస్తుంది. పిల్లకి ముందే ఒకటి కొనిపెట్టుకోండి, ఫుల్ హ్యాండ్స్ ఉన్నదైతే ఎండకి చేతులు మాడవు. బయటి తిండి తీసుకెళ్ళనివ్వరు, చంటిపిల్లల ఆహారానికి మాత్రం అభ్యంతరం ఉండదు. మా పాప లాంటి పెరుగన్నం పిల్లలుంటే ఇది ముందే ఆలోచించుకోవాలి. నీళ్ళల్లో ఉన్నంతసేపు పిల్లలకి చలి తెలియదు, ఆటలో పడిపోతారు. పెదాలు నీలం రంగుకి తిరగడం మొదలైతే ఇంకా ఐదు నిమిషాలు అంటూ ఒప్పుకోకుండా బయటికి తీసుకొచ్చి టవల్ చుట్టేయండి.

రామోజీ ఫిల్మ్ సిటీ సంగతి పూర్తిగా వేరు. విజయవాడ హైవే మీద హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటాక వస్తుంది. ఔటర్ మీద వచ్చేవాళ్ళు 11వ ఎగ్జిట్ దిగాలి. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియోగా గిన్నిస్ గుర్తింపు ఉంది, లోపలికెళ్ళాక ఆ మాట ఎందుకన్నారో కాళ్ళకి తెలుస్తుంది. అయితే నడక మొత్తం మనమే నడవక్కర్లేదు. ఎర్ర బస్సుల్లో ఎక్కించుకుని, గైడ్ మాటలు చెప్తూ సెట్లన్నీ చూపిస్తారు. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్యకి ఈ ఊళ్ళో ఇంతకన్నా మంచి చోటు లేదు. పురాణాల సెట్టు దగ్గర సింహాసనాలు చూస్తూ ఆవిడ చాలాసేపు కూర్చుండిపోయారు. మేం కదలమంటే, "మీరెళ్ళిరండి, నేనిక్కడే ఉంటా" అన్నారు.

మరి చిన్నపిల్లలకి? సెట్లు వాళ్ళకి పట్టవు. ఇది ఎయిర్‌పోర్టు, వెనక్కి తిరిగితే అదే భవనం ఇంకొకటి అని మనం అబ్బురపడతాం, వాళ్ళకి రెండూ గోడలే. కానీ రైల్వే స్టేషన్ సెట్టులో మాత్రం మా పాప రైలు పెట్టె దగ్గరికి పరిగెత్తి, "అమ్మా, ఇది ఎప్పుడు కదుల్తుంది?" అని ఆత్రంగా అడిగింది. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు బాగా నచ్చాయి. చిన్నపిల్లల రైడ్ల కోసం ఫన్‌దుస్తాన్ అని ఒక చోటు ఉంది. పిల్లలతో వెళ్ళినవాళ్ళు బస్సు టూర్ మొత్తం అయ్యాక అక్కడికి వస్తారు, అప్పటికి పిల్లలు నిద్రకి తూగుతుంటారు. మీరు దాన్ని తిరగేయండి. ఉదయం లోపలికి రాగానే ఫన్‌దుస్తాన్, తర్వాత ఒక షో, భోజనం, ఆ తర్వాత బస్సు. బస్సు కుదుపుకి పిల్ల ఒళ్ళో పడుకుంటుంది, పెద్దవాళ్ళు సెట్లు చూస్తారు. ఈ ఒక్క మార్పుతో మా రోజు బాగుపడింది.

స్టంట్ షోల్లో తుపాకుల చప్పుళ్ళుంటాయి, చీకటి గుహలాంటి భయపెట్టే చోటూ ఒకటుంది. ఐదేళ్ళలోపు పిల్లల్ని వాటికి దూరంగా ఉంచితే రాత్రి ఇంటికొచ్చాక ఉలిక్కిపడి లేవకుండా ఉంటారు. లోపలే సితార, తార లాంటి హోటళ్ళున్నాయి. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఒక రాత్రి అక్కడ ఉంటే రెండు రోజులుగా విడగొట్టి చూడొచ్చు, పిల్లల ప్రాణానికి చాలా సుఖం. ఖర్చు మాత్రం గట్టిగానే అవుతుంది. నా మాటగా చెప్పాలంటే ఏప్రిల్, మే నెలల్లో ఫిల్మ్ సిటీకి చిన్నపిల్లల్ని తీసుకెళ్ళొద్దు. నీడ తక్కువ, నలభై డిగ్రీల ఎండలో సెట్ల మధ్య తిరగడం పెద్దవాళ్ళకే కష్టం. దసరా సెలవులకో, సంక్రాంతికో పెట్టుకోండి.

ఇప్పుడు నేను మనసారా చెప్పదలుచుకున్న చోటు. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇల్లైతే ముందు బహదూర్‌పురాలోని నెహ్రూ జూ పార్కుకి వెళ్ళండి. "జూనా? అది థీమ్ పార్కా?" అని మా బావగారు కూడా అన్నారు. 1963లో తెరిచారు, 380 ఎకరాలు, పక్కనే మీరాలం చెరువు. మనం చిన్నప్పుడు స్కూలు బస్సులో వెళ్ళిన చోటే కాబట్టి మనకి పాతదనిపిస్తుంది. పిల్లకి మాత్రం ఏనుగు మొదటిసారే కదా. ఎత్తు కొలిచే బోర్డు ఎక్కడా లేదు. బొమ్మల రైలు ఉంది, సఫారీ బస్సులో వెళ్తే సింహాలు, పులులు ఆరుబయట కనిపిస్తాయి. నడవలేని పెద్దవాళ్ళకి బ్యాటరీ బండ్లున్నాయి. ఉదయమే తెరుస్తారు, అప్పుడే జంతువులు కూడా లేచి తిరుగుతుంటాయి. పదకొండు దాటాక వేసవిలో పులి చెట్టు కింద తోక కూడా కదపకుండా పడుకుంటుంది, పిల్లలు బోను ముందు నిలబడి పిలిచి పిలిచి విసిగిపోతారు.

అక్కడ రాత్రి తిరిగే జంతువుల ఇల్లు ఒకటి ఉంది. పగలు లోపల మసక వెలుతురు ఉంచి, రాత్రి దీపాలు వేస్తారు. దాంతో ఆ జంతువులు మన పగటిని రాత్రి అనుకుని మెలకువగా ఉంటాయి. ఎండలోంచి ఒక్కసారిగా ఆ చీకట్లోకి అడుగుపెట్టేసరికి మా పాప వాళ్ళ నాన్న మెడ గట్టిగా పట్టుకుంది. కాసేపటికి కళ్ళు అలవాటుపడ్డాయి. కొమ్మ మీద దేవాంగపిల్లి, పిడికెడంత ఒళ్ళు, ముఖమంతా కళ్ళే, ఒక్కో చేతిని లెక్కపెట్టుకుంటున్నట్టు మెల్లగా ముందుకి వేస్తోంది. పాప గొంతు బాగా తగ్గించి, "నాన్నా, దానికి మనం నిద్ర చెడగొట్టామా?" అంది. బయటికొచ్చేదాకా ఎవరినీ గట్టిగా మాట్లాడనివ్వలేదు. ఏ రోలర్ కోస్టరూ ఆ వయసు పిల్లకి ఇంత ఇవ్వలేదని నా గట్టి నమ్మకం.

జూ పార్కుకి సోమవారం సెలవు, అది మర్చిపోతే గేటు దగ్గర్నుంచి వెనక్కి రావాలి. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు తీసుకెళ్ళకుండా స్టీలు డబ్బాలు, స్టీలు బాటిళ్ళు పెట్టుకోండి. ఖర్చు పెద్ద పార్కులతో పోల్చే పనే లేదు, ఇంటిల్లిపాదీ వెళ్ళినా చాలా తక్కువలో అయిపోతుంది. లోటు ఏమిటంటే పదకొండేళ్ళ పిల్లలు రెండు గంటల తర్వాత బోర్ అంటారు. మెట్రో అక్కడిదాకా లేదు, పాతబస్తీ ట్రాఫిక్ పెరగకముందే చేరుకోవాలి.

మిగతావి పూట సరిపోయే చోట్లు. ఇందిరా పార్కు పక్కన స్నో వరల్డ్ 2004 నుంచి ఉంది. లోపల సున్నా కన్నా ఐదు డిగ్రీలు తక్కువ. జాకెట్, బూట్లు, గ్లౌజులు వాళ్ళే ఇస్తారు, మందపాటి సాక్సులు మాత్రం ఇంటి నుంచి తొడిగించండి. గంటలోపే అయిపోయే ఆట కాబట్టి నిద్ర గొడవ లేదు. ఆయాసం, ఉబ్బసం ఉన్న పిల్లల్ని డాక్టర్ని అడగకుండా తీసుకెళ్ళొద్దు. జలుబు చేసి ఉన్నా వద్దు. నెక్లెస్ రోడ్డు మీద జలవిహార్ వండర్‌లా అంత పెద్దది కాదు, కానీ ఊళ్ళోనే ఉంది. నీళ్ళల్లో ఆడితే చాలనుకునే పిల్లలకి గంటన్నర ప్రయాణం తప్పుతుంది. సాయంత్రమైతే లుంబినీ పార్కు నుంచి పడవలో హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడి దాకా వెళ్ళిరావడం, పక్కనే ఎన్టీఆర్ గార్డెన్స్‌లో బొమ్మ రైలు. మూడేళ్ళ పిల్లకి ఇదే పెద్ద పండగ.

మీరు వచ్చేది జనవరిలో అయితే నాంపల్లి ఎగ్జిబిషన్‌ని మర్చిపోకండి. 1938 నుంచి నడుస్తున్న నుమాయిష్ ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి మధ్యదాకా ఉంటుంది. లోపలికి రావడానికి చిన్న టికెట్, తర్వాత ఏ రైడ్ ఎక్కితే దానికే డబ్బులు. చిన్నపిల్లలకి ఈ పద్ధతే నయం. ఒక్క గుర్రం బొమ్మ రైడే నాలుగుసార్లు ఎక్కుతామంటారు, నాలుగుసార్లకి ఇచ్చి, మిరపకాయ బజ్జీ తిని, మెట్రో ఎక్కి వచ్చేయొచ్చు. గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే సరి. శని ఆదివారం సాయంత్రాలు మాత్రం జనం తొక్కిడిగా ఉంటారు, పిల్లతో వద్దు.

అయితే ఎలా ఎంచుకోవాలి? అందరూ నాలుగేళ్ళలోపు పిల్లలే అయితే జూ పార్కు, ట్యాంక్‌బండ్. ఫిల్మ్ సిటీ, వండర్‌లా రెండూ ఆగుతాయి, అవి ఎక్కడికీ పోవు. నాలుగు నుంచి ఏడు మధ్య పిల్లలు, తోడు తాతయ్యో నానమ్మో ఉంటే ఫిల్మ్ సిటీ, అదీ చల్లటి నెలల్లో. ఎత్తు 120 దాటిన పిల్లలుంటే వండర్‌లా డబ్బులు గిట్టుబాటవుతాయి. మాలాగా చిన్నా పెద్దా కలిసి ఉంటే అందరినీ ఒకే చోటికి తీసుకెళ్ళాలన్న పట్టుదల వదిలేయండి. ఇది చెప్పినంత తేలిక కాదు. విడిపోయి వెళ్దామంటే మా అక్క మొదట ముఖం ముడుచుకుంది, "కలిసి గడపడానికే కదా వచ్చేది" అంది. నిజమే. కానీ కలిసి వెళ్ళి, పెద్దాడు చిన్నదాని కోసం ఆగుతూ, చిన్నది పెద్దాడి కోసం ఎదురుచూస్తూ, ఇద్దరు పెద్దవాళ్ళు బ్యాగులు కాస్తూ కూర్చుంటే అది కలిసి గడపడం కాదు. పగలు రెండు జట్లు, రాత్రి అందరం ఒక చోట భోజనం. మాకు అదే కుదిరింది.

ఎక్కడికి వెళ్ళినా రెండు పనులు మాత్రం తప్పకుండా చేస్తాను. ఒకటి, పిల్ల మణికట్టు లోపలి వైపు బాల్ పెన్‌తో నా ఫోన్ నంబరు రాసి, పైన పారదర్శకంగా ఉండే టేపు అతికిస్తాను, నీళ్ళల్లోకి దిగే రోజైతే దుకాణంలో దొరికే తడవని బ్యాండ్ కడతాను. తప్పిపోతే ఏం చేయాలో ఇంట్లోనే ఆటలా నేర్పించాను. అక్కడే నిలబడాలి, యూనిఫాం వేసుకున్న అక్కనో అన్ననో పిలవాలి, చెయ్యి చూపించాలి. రెండు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. ఎండలో ఆడే పిల్ల దాహమని చెప్పదు. గంటకోసారి పిలిచి తాగించాలి.

ఈ వేసవికి గుమ్మం మీద గీత 108 దగ్గరుంది. పాపకి ముందే చూపించాను, 120 ఎక్కడుందో పెన్సిల్‌తో గీసి. "ఇంకా ఇంత పెరగాలి" అని తన జానతో కొలుచుకుంది. సోమవారం అక్కావాళ్ళు దిగుతున్నారు. మంగళవారం ఉదయం అందరం జూ పార్కు, సాయంత్రం బుద్ధుడి దగ్గరికి పడవ. బుధవారం ఇంట్లోనే, మామిడిపళ్ళు, నిద్ర. గురువారం మా ఆయన, బావగారు, అక్క కొడుకుని తీసుకుని వండర్‌లాకి, నేనూ అక్కా పాపని తీసుకుని జలవిహార్‌కి. అత్తయ్య ఫిల్మ్ సిటీ దసరాకేనని గట్టిగా మాట తీసుకున్నారు. మంగళవారం డబ్బాల్లోకి పులిహోర అక్క చేస్తానంది, పెరుగన్నం నాది.